బేగాయిమ్ కుడికంటి పట్టీ

కొండల నడుమ ఉన్న నరీన్ పట్నంలో సైరాగుల్ ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిపిల్లల బట్టలు కుట్టేది. భర్త కనుమల మీదుగా సరుకు తోలే లారీ డ్రైవరు కావడంతో ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఇంట్లో మిగిలింది అత్త తొక్తోబుబు, ఐదేళ్ల కూతురు బేగాయిమ్.

పిల్ల ఎడమకన్ను ముక్కువైపుకి లాగుతోందని ఆసుపత్రికి తీసుకెళితే, డాక్టరమ్మ కళ్లద్దాలు రాసిచ్చి, "ఈ కన్ను చూడటం మానేసింది. కళ్లద్దాలు పెట్టి, బాగున్న కుడికంటికి రోజూ కాసేపు పట్టీ వెయ్యండి. అప్పుడుగానీ ఇది పనిలోకి దిగదు. పెద్దయ్యేకొద్దీ కష్టమవుతుంది," అంది.

సైరాగుల్ ఎడమకన్నూ అంతే. బయటికి చక్కగానే ఉంటుంది, లోపల మాత్రం మసక. చిన్నప్పుడు ఎవరూ గమనించలేదు. పెళ్లిచూపుల నాడు చెప్పడానికి భయపడింది. ఆ తర్వాత చెప్పే ధైర్యం రాలేదు.

పట్టీ వేసిన మొదటిరోజే ఇల్లు యుద్ధభూమి అయింది. "చీకటిగా ఉందమ్మా, తియ్యి!" అని పిల్ల గోళ్లతో పీకింది. గుమ్మానికి గుద్దుకుంది. వీధిలో పిల్లలు 'ఒంటికన్ను' అని వెక్కిరించారు.

ఒకరోజు సైరాగుల్ బజారుకెళ్లినప్పుడు పిల్ల పట్టీతోనే టీ పట్టుకుందామని, నీళ్లు కాగే సమోవర్ కుళాయి కోసం తడుముకుంది. చెయ్యి కుళాయి పక్కనుంచి జారి, కాగే ఇత్తడికి తగిలింది. వేళ్లు బొబ్బలెక్కాయి. సైరాగుల్ తిరిగొచ్చేసరికి తొక్తోబుబు పిల్ల చేతిని చన్నీళ్లలో ముంచి పట్టుకుని ఏడుస్తోంది.

"బాగున్న కన్ను మూసి పిల్లని గుడ్డిదాన్ని చేస్తావా? నీకు తల్లి గుండె ఉందా?"

సైరాగుల్ మర్నాడు మళ్లీ పట్టీ వేసింది.

తర్వాతి పరీక్షలో డాక్టరమ్మ అక్షరాల పలక చూపించి మొహం చిట్లించింది. "ఏమీ మారలేదే! పట్టీ నిజంగా వేస్తున్నారా?"

"రోజూ వేస్తున్నాను ఎజే," అంది సైరాగుల్, అక్కని పిలిచినట్టు.

"నానమ్మ తీసేస్తుందిగా," అంది బేగాయిమ్, కాళ్లూపుకుంటూ. "నువ్వు బజారుకి వెళ్లగానే."

సైరాగుల్ వ్యాన్ దిగి పిల్లని ఇంటికి చరచరా నడిపించింది. ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్త పిండి పిసుకుతోంది. సైరాగుల్ పిల్లని పక్కింటికి పంపి తలుపేసింది.

"అపా, నా వెనకాల పట్టీ తీసేస్తున్నారా?" అని అత్తని అడిగింది.

"తీస్తాను! నువ్వు చూడలేదు పిల్ల ఎలా అరిచిందో. కాలిన చెయ్యి పట్టుకున్నది నేను. రేపు కాలవలో పడితే? ఏదో మెల్లకన్ను ఉంటే ఏం కొంప మునిగింది? ఒక కన్ను బాగానే ఉందిగా!"

"ఒక కన్నుతో బతకడమంటే ఏంటో మీకు తెలుసా?"

"నీకు తెలుసేమిటి?"

సైరాగుల్ కుడికన్ను అరచేత్తో మూసుకుంది. "మీ మొహం నాకిప్పుడు కనబడట్లేదు అపా. తెల్లగా ఏదో ఉంది, అంతే. నాకు చిన్నప్పటినుంచీ ఇంతే. ఈ కుడికన్ను పోతే ఇంకోటి లేదన్న భయంతో సూదిలో దారం ఎక్కిస్తున్నాను. నన్ను పుట్టింటికి పంపించేస్తారని భయపడి చెప్పలేదు."

తొక్తోబుబు చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "అందుకా, టీ గిన్నెలో పొయ్యబోయి బల్లమీద పోస్తావు? పొగరుతో పోస్తున్నావనుకున్నాను. ఎన్నేళ్లు తిట్టానే నిన్ను!"

"తిట్టారు."

"నోరుందిగా, చెప్పొచ్చుగా!"

కోపం అత్తకి తగ్గలేదు, కోడలికీ తగ్గలేదు. కానీ మర్నాడు ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. తొక్తోబుబు బొబ్బల మచ్చలు చూపించి గట్టిగా అడిగింది. "దీనికి మీరేమంటారు?"

డాక్టరమ్మ అది తన తప్పేనని ఒప్పుకుంది. పట్టీతో తిరగనివ్వకుండా కూర్చోబెట్టి దగ్గరిపని చేయించమని చెప్పాల్సిందంది. పట్టీ బొత్తిగా పడకపోతే బాగున్న కంట్లో చుక్కలు వేసి మసకచేసే దారి కూడా ఉందంది. "రెండిట్లో ఏదైనా నా కళ్లముందే జరగాలి," అని తొక్తోబుబు షరతు పెట్టి, మెత్తబడి పట్టీకే ఒప్పుకుంది.

ఆనాటినుంచి కాపలా ఆమెదే. పొయ్యికి దూరంగా తివాచీ మీద పిల్లని కూర్చోబెట్టి, రంగు పూసలు దారానికి గుచ్చించేది, ఉన్నిముక్కల అంచులు గీతవెంట కత్తిరించేటట్టు చూసేది. పిల్ల పట్టీ పీకబోతే, "చెయ్యి తియ్యి దొంగా! ఈ కన్నుకి కూలి ఇస్తున్నామా ఏంటి, ఊరికే కూర్చోడానికి?" అని గదిమేది. సైరాగుల్ మిషను తొక్కుతూ వింటూ, ఏ క్షణాన ఏడుపు మొదలవుతుందోనని బిగదీసుకుని ఉండేది.

శీతాకాలమంతా అలాగే గడిచింది. మంచు కరిగే రోజుల్లో మళ్లీ పరీక్ష. బేగాయిమ్ ఎడమకన్నుతో, అంతకుముందు అందని కొన్ని వరసలు చదివి ఆగింది. కింది వరసలు అందలేదు. కన్ను ఇంకా కొంచెం లాగుతూనే ఉంది. ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామంది డాక్టరమ్మ. పట్టీ మానకూడదంది.

సైరాగుల్ బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఏడ్చింది. అత్త పక్కనే నిలబడింది, చెయ్యి పట్టుకోలేదు.

"లే, లే. వ్యాన్ పోతుంది," అంది. "దాని కన్ను పనిలోకి దిగింది. నీదెప్పుడు చూపిస్తావు?"