ముద్ద నమలాల

రోజుకొక గొడవైనా పెట్టుకోకపోతే ఆశీర్వాదానికి తిన్నది అరగదు. బెంగళూరు పీణ్య ఫ్యాక్టరీల్లో ముప్ఫయ్యేళ్లు లేత్ మిషన్ తిప్పి రిటైరైన మనిషి. ఎదుటివాడు ఎడ్డెమంటే తెడ్డెమనకుండా ఉండలేడు. "ఎండ ఎక్కువుండాది కదన్నా" అని ఎవరైనా అంటే చాలు, "యాడుండాది? నాకు చలేస్తాంది" అని ఆ ఎండలోనే స్వెట్టరు తొడుక్కుంటాడు.

ఇలాంటి మనిషిని తాగుడు మానాలనుకునే మగవాళ్లకు కోచ్‌గా పెట్టింది చర్చి. ఆయన కూడా ఒకప్పుడు బాగా తాగినవాడే, ఇరవై రెండేళ్ల క్రితం మానేశాడు. క్రికెట్‌కు కోచ్ ఉంటాడని తెలుసు గానీ తాగకుండా ఉండడానికి కూడా ఒకడుంటాడని గురుమూర్తికి తెలియదు. గురుమూర్తిదీ పీణ్యలో అదే లేత్ పని, టర్నరు. భార్య గీతాంజలి చందాపురలోని పుట్టింటికి వెళ్తూ ఒకే మాట చెప్పింది: "తొంభై దినాలు చుక్క ముట్టకుండా ఉండు, వస్తా. ఎనభై తొమ్మిదో దినం పిలిచినా రాను." గీతాంజలి అన్నదంటే అన్నదే. అందుకే గురుమూర్తి చర్చి మెట్లెక్కాడు.

"మాది వేరే దేవుడన్నా" అన్నాడు మొదటిరోజే, ముందు జాగ్రత్తగా.

"నీ నాలుకది ఏ మతమప్పా?"

గురుమూర్తి నాలుకను పళ్ల వెనక దాచుకున్నాడు.

"అది ఎన్ని గంటలకు పీకుతాది? అది చెప్పు చాలు."

"ఆరున్నరకు. ఫ్యాక్టరీ వదిలినాక."

ఆశీర్వాదం జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకుని, మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టాడు. అది ప్రార్థనో పంచాయితీయో గురుమూర్తికి అర్థం కాలేదు. "ప్రభువా, ఈ మనిషిని నాకు అప్పజెప్పి నువ్వు చేతులు దులుపుకుంటే కుదరదు. వీడు బాగుపడేదాకా నిన్ను వదిలేది లేదు. యాకోబు తెల్లవార్లూ నీతో కుస్తీ పట్టి దీవెన రాబట్టుకోలా? నాకూ చేతులుండాయి." ఆమెన్ అన్నాక మోకాళ్లు పట్టేసి, గురుమూర్తి భుజం ఆసరాగా లేచాడు. లేస్తూ "పొట్టిగుండావు, పట్టు దొరకలా" అని దానికీ ఒక తగువు.

మర్నాడు ఆరున్నరకు ఫోను మోగింది.

"గురుమూర్తీ, రాగి ముద్ద ఎట్ల తింటావు?"

"మింగుతా. ఊరంతా మింగేదే కదన్నా."

"తప్పు. నమలాల."

గురుమూర్తి నడిరోడ్డు మీద ఆగిపోయాడు. బెంగళూరులో పుట్టి పెరిగినవాణ్ణి ఎన్నైనా అనొచ్చు గానీ ముద్ద నమలమని మాత్రం అనకూడదు. చిన్నప్పుడు ముద్ద నమిలాడనే వాళ్లమ్మ వీపు వాయగొట్టింది.

"ముద్దని నమిలేది యాడన్నా చూసినావా? పళ్లకు పట్టుకుంటాది."

"పట్టుకోనీ. దేవుడు ముప్ఫై రెండు పళ్లిచ్చింది ఫోటోకా?"

మాటకు మాట పెరిగింది. గురుమూర్తి తిట్టుకుంటూ ఇల్లు చేరి, పొయ్యి వెలిగించి, వండుకుని తినేటప్పటికి ఏడున్నర. "రేపు తేల్చుకుందాం" అని ఫోను పెట్టేశాడు ఆశీర్వాదం.

రేపూ తేలలేదు, ఎల్లుండీ తేలలేదు. గురుమూర్తి పగలంతా మిషన్ దగ్గర నిలబడి వాదనలు తయారుచేసుకునేవాడు. మెస్సు నడిపే మల్లమ్మ చేత సాక్ష్యం చెప్పించాడు. "ఆమె ముద్దలు అమ్ముకునే మనిషి, నమిలితే గిరాకీ తగ్గుతాది" అని ఆశీర్వాదం కొట్టిపారేశాడు. ఒకరోజు బారు ముందే నిలబడి గురుమూర్తి ఎంత గట్టిగా అరిచాడంటే, లోపల తాగుతున్నవాళ్లు గ్లాసులతో బయటికొచ్చి చూశారు.

డెబ్బై ఒకటో రోజు ఫోను రాలేదు.

ఆరున్నర దాటింది, ఆరూ నలభై అయింది. ఆరోజు గురుమూర్తి దగ్గర తిరుగులేని పాయింటు ఉంది. పళ్ల డాక్టరును అడిగి మరీ వచ్చాడు. చెబుదామంటే మనిషి లేడు. బారు పచ్చ లైటు డెబ్బై రోజుల తర్వాత మళ్లీ ఆరోజే కంటబడింది. నాలుక పీకింది. కాళ్లు అటు తిరిగాయి. గీతాంజలి మాట గుర్తొచ్చింది, అయినా కాళ్లు ఆగలేదు. అప్పుడు ఒళ్లు మండింది. ఓడిపోతానని తెలిసే ముసలాయన ఫోను చేయలేదన్నమాట. మెట్టు మీద కాలు పెట్టి మరీ నంబరు నొక్కాడు.

ఆయన భార్య బేబీ ఎత్తింది. "మీ అన్నకు గొంతు పోయిందప్పా. డాక్టరు వారం దినాలు నోరు తెరవొద్దన్నాడు."

"గొంతు పోతే చెవులుండాయి కదా వదినా. వస్తాండా" అని గురుమూర్తి మెట్టు దిగాడు.

వెళ్లేసరికి ఆశీర్వాదం కంచం ముందు ఉన్నాడు. ముద్ద తుంచి, పప్పు సారులో ముంచి, నోట్లో వేసుకుని గుటుక్కున మింగాడు. తలెత్తితే గుమ్మంలో గురుమూర్తి.

"అన్నా, మింగినావు."

ఆశీర్వాదం లేదని తలూపాడు.

"నలభై ఏండ్లుగా మింగేదే. నమిలేది నేనెప్పుడూ చూడలా" అంది బేబీ. "ఉప్పు లేని సారు పోసినా బాగుండాది అంటాడు. ఇంత నెమ్మది మనిషితో మీకేం గొడవలో నాకు తెలియదు. ఇప్పుడే మీ చర్చి గుంపులో భుజంగరావూ వచ్చి పోయినాడు. హూడి నుంచి ఏ బస్సులో వస్తే తొందరో, టికెట్టు చూపించి మరీ వాదించి పోయినాడు."

మొదటిరోజు గురుమూర్తి నాలుక పీకే గంట రాసుకున్న నోటుబుక్కు బల్ల మీద తెరిచి ఉంది. నాలుగున్నర, భుజంగరావు, హూడి బస్సు. ఆరున్నర, గురుమూర్తి, ముద్ద. ఏడున్నర, ఓంకార్. ఓంకార్ పోయిన శనివారమే చేరిన కొత్త మనిషి, అతని పక్కన ఇంకా ఏమీ రాయలేదు. గురుమూర్తికి ముసలాయన మీద పట్టరాని కోపమూ, అంతే ప్రేమా ఒక్కసారే వచ్చాయి. ఏం చేయాలో తెలియక చెంబెత్తి నీళ్లు తాగాడు.

గోడ గడియారంలో ఏడున్నర కావస్తోంది. ఆశీర్వాదం గడియారాన్ని చూశాడు, ఫోనును చూశాడు, నోరు తెరిచాడు. బేబీ కళ్లెర్రజేస్తే మూసుకున్నాడు. గురుమూర్తి ఫోను అందుకున్నాడు.

"ఓంకారూ, నేను గురుమూర్తి. రాగి ముద్ద ఎట్ల తింటావప్పా?"

"మింగుతా. ఎందుకన్నా?"

గురుమూర్తికి అమ్మ కొట్టిన దెబ్బలు గుర్తొచ్చాయి. డెబ్బై రోజుల వాదన గుర్తొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"తప్పు" అన్నాడు. "నమలాల."

అవతల ఓంకార్ వేసిన కేక వంటింటి దాకా వినబడింది. ఆశీర్వాదం తృప్తిగా ఇంకో ముద్ద మింగాడు.

తొంభయ్యో రోజు దాటిన మర్నాడు గీతాంజలి బ్యాగుతో దిగింది. సాయంత్రం ఆమె ముద్ద కలుపుతుంటే మొగుడు ఫోనులో ఎవరితోనో ఊగిపోతున్నాడు. "నమలాలంటే నమలాల, ఓంకారూ. ముద్దని మింగేవాడికి తిండి విలువ తెలియదు."

గీతాంజలి చేతిలో గరిటె ఆగిపోయింది. తాగినవాడు తప్ప ఈ మాట ఎవడంటాడు? గబగబా వచ్చి, మొగుడి గడ్డం పట్టుకుని నోరు వాసన చూసింది.

టీ వాసన తప్ప ఏమీ రాలేదు.