తానులో లేని చీర

మా ఇంట్లో పండగ బట్టలంటే ఒకే తాను. మా పట్నంలో పాత ఊళ్ళో కొట్టుకెళ్ళి నాన్న గుడ్డ కొనేసేవారు. అందులోంచే ఆయనకి చొక్కా, నాకు గౌను, తమ్ముడికి చొక్కా, మిగిలితే దిండు గలీబులు. చీరలు తానులోంచి రావు కదా, అందుకని అమ్మ ఆ లెక్కలోనే లేదు. నారింజ పువ్వుల తాను తెచ్చిన ఏడాది ఓ సాయంత్రం బీచికెళ్తే, మంచం దిగి వచ్చిన దిండ్లలా ఉన్నాం మేం ముగ్గురం. పైగా నాన్నకి కొత్త బెల్ బాటం ఫ్యాంటు. ఒక్కో కాలి కింద ఓ పిల్లి కాపురం పెట్టొచ్చు.

ఎనభైల్లో, కాలేజీలో చేరాక, ఆ సాయంత్రాన్ని బొమ్మ వెయ్యాలని నాకు పురుగు తొలిచింది. ఫొటో లేదు, అంతా జ్ఞాపకమే. నాన్న కాలరుని భుజాలు, బెల్ బాటంని పాదాలు దాటించాను. పోర్టులో డ్యూటీ దిగి వచ్చిన నాన్న చూసి మండిపడ్డారు.

"ఓలమ్మో! ఇంత ఎడల్పు ఫ్యాంటు నానెప్పుడేసినానే? రోడ్లూడవడానికా?"

"ఊడిసీవోరు. బీచిలో ఇసకంతా ఇంట్లోకి మీరే తెచ్చీవోరు," అంది పెరట్లో చేపలు తోముతున్న అమ్మ.

ఆ అమ్మ దగ్గరే బొమ్మ ఆగిపోయింది. ముఖం వచ్చింది, ఒళ్ళో వేరుశెనక్కాయల పొట్లం వచ్చింది, కట్టుకున్న చీర మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. నా గౌను బొత్తాలు ఎక్కడున్నాయో చెప్పగలను గానీ అమ్మ చీర గుండుసున్నా. ఏదో ఒక రంగు పూసేద్దామంటే చెయ్యి రాలేదు. అందరి బట్టలూ నిజమై ఆమెది ఒక్కటే అబద్ధమైతే ఆ బొమ్మెందుకు, తగలెయ్యనా? నాకు ఏడుపొచ్చింది.

"అమ్మా, ఆ రోజు ఏం కట్టుకున్నావే?"

"ఏదో కట్టుకునే ఉంటాన్లే. బట్టల్లేకుండా వచ్చీసేనేటి?"

నాన్న వక్కపలుకు నములుతూ, ఎటో చూస్తూ అన్నారు. "ఆకుపచ్చది. ఎర్రంచు. అంచు సిరిగితే లోపలికి మడిసి కట్టింది. గాలికి బయటపడిపోద్దని, ఉన్నంతసేపూ సేత్తో పట్టుకునే కూకుంది."

నేను ఆకుపచ్చ రంగు కోసం చెయ్యి చాచాను. అమ్మ చేప చేతులతోనే లోపలికొచ్చింది. ఆమె కళ్ళు తడిశాయేమో అనుకున్నాను. ఎక్కడ!

"అంటే సిరిగిందని మీకు తెలుసు," అంది. "తెలిసే ఆ ఏడు బెల్ బాటం కుట్టించుకున్నారన్నమాట!"

నాన్న నమలడం ఆపేశారు.

అమ్మ నా వైపు తిరిగింది. "ఆ సిరుగు కూడా ఎయ్యి. ఆ ఫ్యాంటు పక్కనే ఎయ్యి. బాగా కనపడాల."

వేశాను. ఫ్యాంటుని ఇంకాస్త వెడల్పు చేసి మరీ వేశాను.