మగ్గం పక్కన బోను

పెనుకొండ బస్టాండు దాటాక రోడ్డు పక్కన ఉడికిన వేరుశనగకాయల వాసన తగిలిందంటే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. మొన్న కూడా అంతే జరిగింది. చీరలు కొనే పని మీద హిందూపురం నుంచి ధర్మవరం పోతున్నాను. కారు వెనక సీటు తీసేసి పెట్టిన ఇనుప బోనులో మా కుక్క జమేదారు పడుకుని ఉంది. బోను తలుపు తీసే ఉంది. చెట్టు నీడ చూసి కారు ఆపి, అద్దాలన్నీ దించి, వెనక్కి తిరిగి "అయిదు నిమిషాల్లో వస్తా" అని దానికి చెప్పి దిగాను.

కాయలమ్మే ఆమె పొట్లం కడుతూ కారులోకి తొంగి చూసింది. సరిగ్గా అప్పుడే జమేదారు ఆవులించింది. కుడివైపు కోరపన్ను సగానికి విరిగి ఉండటం ఆమె కంటబడింది.

"ఏమప్పా, మీ కుక్కకు ఆ పన్ను ఎట్ల ఇరిగింది?"

ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్ళను ఉత్త చేతులతో పంపే అలవాటు నాకు లేదు. కొండవైపు చెయ్యి చూపించి, "ఆ కొండ మీద చిరుతపులి ఉండ్లా? దాంతో కొట్లాడింది" అన్నాను. ఆమె చేతిలో పొట్లం ఆగిపోయింది. నేను మొదలుపెట్టాను.

ఈ చిరుత కథను ఎన్ని ఊళ్ళలో చెప్పానో నాకే గుర్తు లేదు. హిందూపురంలో చిరుత ఒకటే. మడకశిర చేరేసరికి రెండయ్యాయి. చిలమత్తూరులో మాత్రం వినేవాళ్ళు బాగా కుదిరారని ఒక పిల్లను కూడా కలిపాను. అసలు ఆ పన్ను ఎట్లా విరిగిందో మొదటి నుంచి చివరిదాకా తెలిసినవాళ్ళు, కుక్కను కూడా కలుపుకుంటే, ముగ్గురం. మూడో మనిషి ధర్మవరంలో పట్టుచీరలు నేసిన నాగప్ప మామ. ఆయన ఇప్పుడు లేడు. అందుకే ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు రాద్దామని కూర్చున్నాను. చేయి తిరగని పని, తప్పులుంటే ఓర్చుకోండి.

అప్పట్లో నాది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే పని. ధర్మవరంలో నాగప్ప మామ ఇంటి ముందు వాటాలో నేనూ, మా ఆవిడ సుజాతా బాడుగకు ఉండేవాళ్ళం. ఆయన మాకు చుట్టం కాదు. వచ్చిన మొదటి రోజే "ఏమల్లుడా, సామానంతా దించినారా?" అన్నాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. వెనక గదిలో ఆయన మగ్గం. గుంత మగ్గం చూడనివాళ్ళకు చెప్తున్నాను: నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వదిలి, గుంత అంచు మీద కూర్చుని నేస్తారు. మనం పక్కన నిలబడితే వాళ్ళ తల మన నడుముకు కూడా రాదు. నలభై ఏళ్ళుగా మామ లోకాన్ని ఆ ఎత్తు నుంచే చూశాడు.

సాయంత్రం పని ముగించుకుని ఆ గది గడప మీద కూర్చుని నేను కథలు చెప్పేవాణ్ణి. నన్ను చూసి భయపడి వెనక్కి తిరిగిన మీటరు కథ, నా రసీదు పుస్తకం తినేసి ప్రతి నెలా బిల్లు రోజున అరిచే గొర్రె కథ. మామ ఏనాడూ అబద్ధమనలేదు. పోగును మోసుకుపోయే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు విసిరి, మొహం ఏమాత్రం మార్చకుండా, "ఆ మీటరు ఎనక్కి తిరుగుతాంటే ఫ్యాను కూడా ఎనక్కే తిరిగిందా?" అనేవాడు. అంతే. నా కథ అక్కడ చిరిగేది. మరుసటి రోజు ఆ చిరుగు కుట్టుకుని మళ్ళీ వచ్చేవాణ్ణి. కథ చెప్పడంలో నాకు ఏ కాస్త పనితనం అబ్బినా, అది ఆ ప్రశ్నల వల్లే.

జమేదారు నా మీటర్ల దారిలో వెంటబడి వచ్చిన కుక్క. అప్పటికే దానికి అయిదారేళ్ళుంటాయి. వీధి మొగదల కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరినీ తనిఖీ చేసేది కాబట్టి ఆ పేరు పెట్టాం. పెరట్లో తినేది, పెరట్లోనే పడుకునేది. గడప మాత్రం తొక్కేది కాదు. గేటు సగం మూస్తే చాలు, మిగిలిన సగంలోంచి బయటికి దూకేది. అంతకు ముందు దాన్ని ఎవరు ఎక్కడ మూసిపెట్టారో మాకు తెలియదు. నేను మూడు కథలు కల్పించాను గానీ మూడూ ఇక్కడ అక్కరలేదు.

ఒకరోజు జమేదారు పిల్లి వెంటబడి ప్రహరీ మీద నుంచి దూకి వెనక కాలు ఎత్తేసింది. వారం గడిచినా దించలేదు. బెంగళూరు తీసుకుపోతే డాక్టరు మోకాలి కీలు చూసి, లోపల ఎముకలను కలిపి పట్టే తాడులాంటిది తెగిందన్నాడు.

"ఆపరేషన్ చేస్తే కాలు నిలుస్తుంది. కానీ తర్వాత ఆరు వారాలు బోనులో ఉండాలి. భయపడి గింజుకుందంటే లోపల చేసిందంతా ఊడిపోతుంది. అట్లాంటి కుక్కకు నేను చెయ్యను. నెల రోజుల్లో అలవాటు చేసి తీసుకురండి. అంతకు మించి ఆగితే కీలు అరిగిపోతుంది. ఇక మూడు కాళ్ళే."

నెల రోజులు! గేటు మూస్తేనే దూకే కుక్క. బోను తెచ్చి పెరట్లో పెట్టిన రోజు అది వీధి చివరికి పోయి కూర్చుని, మేమంతా ఎటైనా వెళ్ళిపోతే బాగుండునన్నట్టు చూసింది.

మామ వచ్చి బోను తలుపును వెనక్కి మడిచి తాడుతో కట్టేశాడు. "ముందు ఇది మూతపడదని దానికి తెలియల్ల" అన్నాడు. తిండి గిన్నె బోనుకు నాలుగు బారల దూరంలో మొదలైంది. రోజుకు కొంచెం కొంచెం దగ్గరికి జరిపాం. ఒలిచిన ఉడికిన వేరుశనగ గింజలంటే జమేదారుకు ప్రాణమని కనిపెట్టింది మామే. పదో రోజు మధ్యాహ్నం అది వెనక కాళ్ళతో సహా లోపలికి పోయి, కూర్చుని, గింజలు తింటోంది.

ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. సుజాత బడిలో పాఠం చెప్తోంది. మామ పట్టు నూలు కోసం బజారుకు పోయాడు. ఇంత పెద్ద సంగతి జరిగితే చూసేవాళ్ళే లేరు! నలుగురినీ పిలుచుకొచ్చి చూపించాలనిపించింది. పిలుచుకొచ్చేలోగా బయటికి వచ్చేస్తే? తాడు విప్పి, తలుపు మూసి, గడియ జరిపాను. రెండు నిమిషాలే కదా అనుకున్నాను.

వీధి చివర టీ అంగడిలో "మా కుక్క బోనులో కూర్చుంది, రాండి" అన్నాను. "ఎట్ల చేసినావబ్బా?" అన్నారు. నన్ను అడగకూడని మాట అది. టీ ఒకటి చేతికొచ్చింది. చెప్పుకుంటూ పోయాను. చెప్పేకొద్దీ నా ఓపిక పెరిగింది, కుక్క మొండితనం పెరిగింది, మధ్యలో ఒక పాము కూడా వచ్చింది. ఎంతసేపు చెప్పానో ఈరోజుకీ నాకు తెలియదు. నలుగురినీ వెంటేసుకుని వచ్చేసరికి గేటు దగ్గరికే ఆ చప్పుడు వినబడింది. జమేదారు ఇనుప కడ్డీలు కొరుకుతోంది. మూతి నిండా నెత్తురు. సగం పన్ను కింద పడి ఉంది. గడియ తీయగానే నా కాళ్ళ పక్క నుంచి మూడు కాళ్ళ మీద పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి మళ్ళారు.

సాయంత్రం మామ వచ్చి అడిగితే, "తాడు ఊడి, గాలికి తలుపు పడి గడియ పడిపోయింది మామా" అన్నాను. సుజాతకూ అదే చెప్పాను.

ఆయన వంగి గడియ మీద వేలు పెట్టి అటొకసారి ఇటొకసారి జరిపాడు. "ఇది పక్కకు జరపల్ల కదబ్బా. గాలి పక్కకు కూడా జరుపుతాదా?" అన్నాడు. ఆయన మరో ప్రశ్న అడగలేదు. ఎప్పుడూ రెండో ప్రశ్న అడిగే మనిషి.

మరుసటి సాయంత్రానికి జమేదారు వచ్చింది గానీ గేటు దాటి లోపలికి రాలేదు. నేను గింజలు విసిరితే లేచి దూరంగా జరిగింది. డాక్టరు ఇచ్చిన గడువులో ఇంకా ఇరవై రోజులు కూడా లేవు. ఆ కాలు ఇక పోయినట్టేనని, దాన్ని పోగొట్టింది నేనేనని అనుకుంటూ మగ్గం గదిలోకి పోయాను. మామ నేయడం లేదు. నేసిన బట్టలోంచి ఒక్కొక్క పోగూ వెనక్కి లాగుతున్నాడు.

"ఏమాయ మామా?"

"జానెడు కింద పోగు తెగింది. చూసుకోకుండా నేసుకుంటా వచ్చినా."

"ఎవరికి కనబడతాది మామా అంత సన్నది?"

"నాకు కనబడింది కదా." ఇంకో పోగు లాగాడు. "నీ కుక్కదీ ఇంతే. ఈడి నుంచి ముందుకు పోవాలని చూడొద్దు. యాడ తెగిందో ఆడికి పోయి మొదలుపెట్టు."

"యాడ తెగింది మామా?"

"నాకేం తెలుసబ్బా? నేను ఇంట్లో లేను కదా."

ఆయన పోగు మీద నుంచి కన్ను తీయలేదు.

ఆరోజే బోను తలుపు మొత్తం ఊడదీశాం. బోనును మగ్గం గదిలోకి తెచ్చి, గుంతకు చెయ్యి చాపితే అందేంత దూరంలో పెట్టించాడు మామ. లోపల జమేదారు పెరట్లో పడుకునే గోనెసంచి పరిచాడు. పెరటి తలుపు బార్లా తీసిపెట్టాడు. "కుక్కేమో గేటు బయట ఉండాది, బోనేమో లోపలికొచ్చె. ఇదేం లెక్క మామా?" అన్నాను.

"నేను నలభై ఏండ్లు ఈ గుంతలో కూర్చున్న. పైన ఎవురూ మూత పెట్టరని తెలుసు కాబట్టి కూర్చున్న. పెడ్తారేమోనని ఒక్కసారి అనుమానం వస్తే నేనూ మగ్గం కొరుకుతా."

"నీకు పండ్లు యాడుండాయి మామా కొరికేకి?"

"చిగుళ్ళతోనే కొరుకుతా పోప్పా!"

నన్ను గడప దగ్గరికి రానివ్వలేదు. మూడో రోజు జమేదారు పెరట్లోకి వచ్చింది. అయిదో రోజు గడప మీద గడ్డం ఆనించింది. అప్పుడు నాకు అర్థమైంది. మేమందరం దాని మీదికి వంగి మాట్లాడేవాళ్ళం. నేలమట్టంగా కూర్చున్న మామ మొహం మాత్రం దాని మొహానికి ఎదురుగా ఉండేది. ఆయన దాన్ని పిలవడు, చూడడు. నాడె విసిరే చేత్తోనే మధ్యలో ఒక గింజ విసిరేవాడు. ఎనిమిదో రోజు అది గదిలోకి వచ్చి, మూల మూలా వాసన చూసి, మామకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న చోటు అదే కాబట్టి, బోనులో ముడుచుకుని పడుకుంది. నేను కిటికీలోంచి చూస్తూ కేక వేయబోయాను. మామ నావైపు చూసిన చూపుకు ఆ కేక ఇప్పటికీ గొంతులోనే ఉంది.

తర్వాత తలుపు బిగించాం. ఇక్కడి నుంచి పని నాదన్నాడు. గడియారం వద్దన్నాడు. నాడె ఒకసారి పోయి వచ్చేంతసేపు మూసి తీయాలి. తర్వాత పదిసార్లు. తర్వాత వేలెడు బట్ట నేసేంతసేపు. తలుపు మూసి, "ఇప్పుడే వస్తా" అని దానికి చెప్పి, పెరట్లోకి పోయి, తిరిగొచ్చి తీయాలి.

"అది అడగకముందే తియ్యల్ల. అరిచినాక తీస్తే, అరిస్తేనే తెరుచుకుంటాదని నేర్చుకుంటాది. నువ్వు చెప్పిన సేపుకు రావల్ల."

"దానికి సేపు ఏం తెలుసు మామా?"

"దానికి తెలియదు. నీకు తెలుసు కదా." నాడె ఆపి, నావైపు తిరిగాడు. "అల్లుడా, జనానికి నువ్వు ఏమన్నా చెప్పుకో, నేనూ కూర్చొని వింటా. దానికి మాత్రం ఉన్నదే చెప్పు."

ఇరవై తొమ్మిదో రోజున బెత్తెడు బట్ట నేశాడు. మూసిన బోనులో జమేదారు గురక పెట్టింది. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలూ అది మగ్గం పక్కనే గడిపింది. మామిడి చిగురు రంగు చీర ఒకటి దాని కళ్ళ ముందే పూర్తయింది. చీర మగ్గం దిగిన వారానికి జమేదారు నాలుగు కాళ్ళ మీద వీధి మొగదలకి నడిచి, తన పాత చోట్లో కూర్చుని, అందరినీ మళ్ళీ తనిఖీ చేసింది.

కొన్నేళ్ళకు నాకు హిందూపురం బదిలీ అయింది. మామ మోకాళ్ళు అరిగిపోయి గుంతలోకి దిగడం మానేశాడని తెలిసి ఒక ఆదివారం రైలెక్కి పోయాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఏవేవో మాట్లాడి, చివరికి చెప్పేశాను.

"మామా, ఆ పొద్దు గడియ పెట్టింది నేనే. పెట్టి, టీ అంగట్లో కథ చెప్పుకుంటా కూర్చున్నా."

"గాలి కాదా?"

"కాదు మామా."

"ఇన్నేండ్లూ నేను గాలే అనుకుంటాంటినే!" అన్నాడు, మొహం ఏమాత్రం మార్చకుండా. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. "చిరుతపులి కథ ఈడి వరకూ వచ్చింది. బాగుండాది. చిరుత ఆడిదా, మగదా?"

నేను అంత దూరం ఆలోచించలేదు.

"కుక్క యాడ పండుకుంటాంది?"

"బోనులోనే మామా. తలుపు తీసే ఉంటాది."

తల ఊపాడు. నేను లేచాను. "మళ్ళ ఎప్పుడొస్తావు?" అన్నాడు. వచ్చేవారం అని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపి, సెలవులు తలుచుకుని, "వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం మామా" అన్నాను. చెప్పినట్టే పోయాను. వాకిలి వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. "వచ్చినావా" అన్నాడు. ఆయన్ను చూడటం అదే ఆఖరు.

ఇక పెనుకొండకు వస్తే, చిరుత బండ మీది నుంచి దూకింది. కాయలమ్మే ఆమె పొట్లం కింద పెట్టేసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క బండి ఆయన కూడా దగ్గరికి జరిగాడు. చాలా రోజులకు దొరికిన మంచి వినేవాళ్ళు. చిరుత గాల్లో ఉంది. అది ఆడదని కూడా చెప్పాను. కారు వైపు చూశాను. అయిదో నిమిషం అయిపోవస్తోంది.

"కాయలు ఇట్లియ్యక్కా, పోవల్ల" అన్నాను.

"ఆమీదట ఏమాయప్పా? దూకింది కదా?"

"మళ్ళీ వచ్చినప్పుడు చెప్తా."

"అట్ల మధ్యలో ఇడ్సిపెట్టి పోతారా ఎవురన్నా? కుక్క యాడికి పోతాది, నిమ్మళంగా పండుకోనుండాది కదా!"

"అది యాడికీ పోదు. నేనే పోవల్ల" అని చిరుతను గాల్లోనే వదిలేసి, పొట్లం పట్టుకుని కారు దగ్గరికి నడిచాను.