పహిల్వాను పోగొట్టుకున్న బరువు

1957 వేసవిలో నేను కడపలో అసిస్టెంట్ సర్జనుగా ఉన్నాను. ఆ ఏడు కుస్తీ పోటీలకు నన్ను వైద్యాధికారిగా వేశారు. పహిల్వాన్లను తూచి తరగతులుగా విడదీయడం నిర్వాహకుల పని. దెబ్బలు తగిలినవాళ్లను చూడడం నా పని.

నందికొట్కూరు నుంచి వచ్చిన మద్దిలేటి ముందురోజు తన తరగతికి ఆరు పౌన్లు ఎక్కువ తూగాడట. మర్నాడు కాటా ఎక్కితే సరిపోయాడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. బరిలోకి దిగుతుంటే మాత్రం అతన్ని చూసి ముచ్చటపడ్డాను. ఒంటిమీద పిసరంత కొవ్వు లేదు, అంతా కండే.

ఎదుటివాడు ఇంకా చెయ్యి వెయ్యలేదు. మద్దిలేటి మోకాళ్ల మీద కూలబడి, బోర్లా పడిపోయాడు. జనం నవ్వారు. నేను పరుగెత్తాను. అంత ఎండలోనూ ఒంటిమీద చెమట చుక్క లేదు. చర్మం కాలిపోతోంది. నాడి అందడమే కష్టమైంది.

"ఏం చేశారయ్యా ఇతన్ని?" అని అతనికి కుస్తీ నేర్పిన ఉస్తాదు ఖాదర్ సాహెబును అడిగాను.

"బరువు దించినాం సార్. నిన్నట్నుంచి కంబళ్లు కప్పి ఉరికిచ్చినా. చుక్క నీళ్లు తాగనీలే. శానా గట్టోడు, నోరు తెర్సి అడగలే," అన్నాడు, గర్వంగానే.

వెంటనే మద్దిలేటిని ఆసుపత్రికి చేర్పించాను.

ఆసుపత్రిలో తడిగుడ్డలు కప్పి, నరానికి సెలైన్ ఎక్కించాం. తెలివి వచ్చింది కాని మూత్రం రాలేదు. మూత్రపిండాలు ఆగిపోతే ఆ రోజుల్లో మా చేతిలో ఏమీ ఉండేది కాదు. మర్నాడు సాయంత్రానికి కాస్త వచ్చింది, కాఫీ డికాక్షన్ రంగులో.

"నెత్తురా సార్?" అన్నాడు ఉస్తాదు.

"కరిగిపోయిన కండ," అన్నాను. అతను గోడకు చేరగిలబడి అట్లాగే కూర్చుండిపోయాడు.

మద్దిలేటి బతికాడు. ఇంటికి పంపేముందు తూచితే పోయిన బరువు దాదాపు అంతా తిరిగి వచ్చింది. గంజి, మజ్జిగ తప్ప అతను ఏమీ తినలేదు. కాటా దిగి నన్ను అడిగాడు: "వచ్చే ఏడు ఎన్నాళ్ల ముందు నుంచి నీళ్లు మానాల సార్?"

ఉస్తాదే బదులిచ్చాడు: "మానేది లేదప్పా. పై తరగతిలో దింపుతా నిన్ను."

కొవ్వున్న మనిషికి నెలల సాధనతో తగ్గే వీలుంది. కొవ్వు లేనివాడు ఒక్కరోజులో తగ్గితే పోయేది ఒంట్లో నీరు, దానితోపాటే బలం. ఆ తేడా కాటా చెప్పదు. ఆ తర్వాత నేను వెళ్లిన పోటీలన్నిటిలోనూ తూకం దగ్గరే కూర్చుని, నాలుకా నాడీ చూశాకే మనిషిని బరిలోకి వదిలాను.