వెనక ఎడమ తలుపు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. చదువు పదో తరగతితో ఆగిపోయినా, మా ఊరి గ్రంథాలయంలో నేను వెతకని అలమర లేదు. కారణం లేకుండా ఏదీ జరగదని అక్కడే నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే ఈ ఒక్కదానికి మాత్రం నాకు కారణం దొరకలేదు.

నూజివీడులో మాకు మామిడికాయలు సర్దే అట్టపెట్టెల కొట్టు ఉంది. కిందటేడు కార్తీకంలో ఒక పాత కారు కొన్నాను. ఇంజను ముందుంటే, బండిని నెట్టేది వెనక చక్రాలు. ఆ కాలపు తయారీ. అంతకుముందు అది ఒక మామిడి వ్యాపారిది. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు అమ్మేశారు.

కొన్నది మా అమ్మాయి లావణ్య కోసం. మైలవరంలో అత్తవారింట్లో ఉంది. మొదటిసారి కడుపు నిలవలేదు. ఈసారి ఏడో నెలలో పురిటికి తీసుకురావాలి. కుదుపులు తగలనివ్వొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మామిడి పూత మొదలయ్యేదాకా కారు చక్కగా నడిచింది. ఆ తర్వాతే వణుకు పట్టుకుంది. మైలవరం నుంచి వచ్చే దారిలో ఒక పెద్ద తోట ఉంది. దాని కంచె మొదలవగానే వెనక సీటు కింద పిండిమర తిరుగుతున్నట్టు గడగడలాడేది. కంచె దాటగానే ఆగిపోయేది.

రోడ్డు తప్పేమో అనుకుని పక్క కొట్టతని కారు అడిగి అదే దారిలో నడిపాను. ఏమీ లేదు. నా కారులో కూడా మైలవరం వెళ్ళేటప్పుడు ఉండదు. వచ్చేటప్పుడే.

గ్రంథాలయం నుంచి మోటారు బళ్ళ మరమ్మతు పుస్తకం తెచ్చుకున్నాను. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చాక నడిపి చూడాలి, అప్పుడే లోపం ఎక్కడుందో తేలుతుందని అందులో ఉంది. అలాగే చేశాను. చక్రాలు బ్యాలెన్సు చేయించాను. ముందు టైర్లు వెనక్కి మార్పించాను. ఇంజను నుంచి వెనక్కి వెళ్ళే షాఫ్టు విప్పించి, దాని జాయింట్లు కొత్తవి వేయించాను. కుదుపు ఆపే కమాను కట్టలు, వాటి రబ్బరు బుష్షులు, చివరికి వెనక గేర్లున్న హౌసింగు కూడా విప్పించాను. విప్పించిన ప్రతిసారీ ఆశగా మైలవరం వెళ్ళడం, వస్తూ ఆ తోట దగ్గర పళ్ళు నూరుకోవడం.

ఒకరోజు మెకానిక్ సూరిబాబును పక్కన కూర్చోబెట్టుకుని వచ్చాను. వణుకు రాగానే ఆపమని, దిగి బండి కిందికి దూరాడు. నేనూ దిగి చూశాను. ఏదీ వదులుగా లేదు. ఎక్కి కదిలించగానే మళ్ళీ అదే వణుకు.

"గురువుగారూ, మీ పుస్తకంలో ఇంకేం మిగిలాయో చూడండి. నా దగ్గరైతే ఏం మిగల్లేదు" అన్నాడు. వెక్కిరించాడో, నిజంగానే అన్నాడో తెలియలేదు.

మా ఆవిడ మాత్రం వెక్కిరింపేమీ దాచుకోలేదు. "చదివింది చాలు గానీ, అద్దె కారు మాట్లాడండి. పిల్లని ఈ తిరగల్లో వేసి తెస్తారా?" అంది.

మాట్లాడాను. బయల్దేరాల్సిన ఉదయం, బండి పెళ్ళివాళ్ళ దగ్గర చిక్కుకుపోయిందని ఫోన్ వచ్చింది. మాఘమాసం కదా, ఇంకో కారు దొరకలేదు. ఆ రోజు దాటితే ఏడో నెలలో మంచిరోజు లేదు. ఎనిమిదో నెల వచ్చిందంటే పిల్లని కదిలించనివ్వరు. చేసేది లేక మా కారే తీశాను.

లావణ్య వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంది. పక్కన వాళ్ళమ్మ. ఎద్దుబండిలా నడుపుకుంటూ వచ్చాను. మిట్టమధ్యాహ్నం తోట దగ్గరికి వచ్చేసరికి వణుకు మొదలైంది. ఎప్పటికన్నా ఎక్కువ. అద్దంలో చూస్తే అమ్మాయి రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఉంది.

"నాన్నా, ఆపు. కాసేపు దిగుతాను."

ఆపి, కోపం పట్టలేక స్టీరింగును గుద్దాను. తను ఎడమ తలుపు తీసుకుని దిగింది. తలుపు వెయ్యకుండానే తోట గేటు దాకా నడిచి, పక్కనున్న చెట్టు కొమ్మ వంచి పూత చూసింది. ఎందుకలా చేశావని తర్వాత అడిగితే, ఊరికే అంది.

ఈలోగా తోట కాపలా కోటయ్య వచ్చి, కారును చూసి ఆగిపోయాడు.

"ఇది మా షావుకారుగారి బండి కదండీ?"

అవునన్నాను. ఆ వ్యాపారి ఏటా ఈ తోట కాపును పూత మీదే కొనేవాడట. గాలొచ్చినా మంచు పట్టినా పెట్టుబడి పోయినట్టే కాబట్టి, మైలవరం నుంచి వస్తూ ఏ రోజూ దిగకుండా వెళ్ళేవాడు కాదట. గేటు పక్క చెట్టు పూత చూసుకుని గానీ మళ్ళీ కారు ఎక్కేవాడు కాదట.

"పోయినేడు కూడా కొన్నారండి. కాయ చూడకుండానే పోయారు పాపం" అన్నాడు కోటయ్య. తెరిచి ఉన్న తలుపు వంక చూస్తూ, "అటేపు నుంచే దిగేవారండి. తలుపు వేసేవారు కాదు" అన్నాడు.

అమ్మాయి వచ్చి ఎక్కింది. కారు కదిలించాను. వణుకు లేదు. కంచె పొడవునా చెవులు రిక్కించి నడిపాను. ఇల్లు చేరేదాకా లేదు. మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. నాకైతే ఒళ్ళు మండింది. ఇన్ని విప్పించి, ఇన్ని మార్పిస్తే పోనిది, దేనితో పోయినట్టు?

తర్వాత ఒక్కడినే వెళ్ళి వచ్చాను. వణికింది. నా తలుపు తీసుకుని దిగి, గేటు దాకా నడిచి వచ్చాను. పోలేదు. వెనక ఎడమ తలుపు తెరిచి ఉంచి వెళ్ళి వచ్చాను. పోయింది. తలుపు బిగువులో ఏదో ఉందనుకుని, మరోసారి తోట రాకముందే తీసి వేసి చూశాను. తోట దగ్గర వణకనే వణికింది. సూరిబాబుకు చెబితే, "తలుపుకీ హౌసింగుకీ సంబంధం ఏంటండీ?" అన్నాడు. నేను పుస్తకంలో వెతికింది కూడా అదే.

కాయ కోతలు అయిపోయాక వణుకు దానంతటదే పోయింది. అప్పటికి మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఇప్పుడు మళ్ళీ పూత వచ్చింది. రేపు వాళ్ళిద్దరినీ మైలవరం నుంచి తీసుకురావాలి. పద్ధతి ప్రకారం ఒక పరీక్ష మిగిలే ఉంది. ఈ ఏడు కూడా వణుకు వస్తుందో లేదో, ఆ తోట దగ్గర ఆగకుండా వచ్చి చూడాలి. పసిపిల్ల కారులో ఉండగా ఎలా చేస్తానని నాకు నేనే చెప్పుకుంటున్నాను. నిజానికి మొన్న ఒక్కడినే వస్తూ కూడా చెయ్యలేకపోయాను. కంచె కనబడగానే ఆపి, వెనక ఎడమ తలుపు తీసి, చెట్టు దాకా వెళ్ళి వచ్చాను.

వచ్చాక కూడా తలుపు వెంటనే వెయ్యలేదు. ఒక మనిషి ఎక్కి కూర్చునేంతసేపు ఆగి వేశాను.