జర ఆగు గురులింగప్ప

గురులింగప్ప నోట ఎప్పుడూ ఒకటే మాట: "జర ఆగు." పుట్టేటప్పుడు మంత్రసానికి కూడా ఇదే చెప్పి ఉంటాడని దోస్తు శివరాజ్ నమ్మకం. పదో నెల పడ్డాక గాని వాడు బయటికి రాలేదని వాడి తల్లే చెప్పేది. బడికి ఏడాది ఆలస్యం, పెండ్లికి ఆరేండ్లు ఆలస్యం. ఆ పెండ్లిలో కూడా, తాళి చేతికిచ్చి అందరూ అక్షింతలు ఎత్తగానే "జర ఆగున్రి" అన్నాడు. ఆడపెండ్లివాళ్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే సన్నాయి వాయించేటాయనకు పొలమారింది. ఆయన నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, మళ్లీ వాయించే దాకా తాళి గాలిలోనే ఉంది.

"నా పెండ్లి ముహూర్తంల అయిందో, ఆ సన్నాయాయన దగ్గుల అయిందో ఇప్పటికీ తెల్వదన్నా," అని మహాదేవమ్మ ఏడాదికోసారైనా శివరాజ్‌తో అనేది.

శివరాజ్‌ది పూర్తిగా ఎదురు గుణం. నిద్రలో కూడా గడియారం చూసుకునే మనిషి. జహీరాబాద్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో అతనిది డిస్పాచ్. తయారైన బండ్లను లారీలకెక్కించి టైముకు గేటు దాటించాలి. గురులింగప్పది దాని ముందరి షెడ్డు, టెస్టింగ్. జానెడు స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కండ్లు మూసుకుని సప్పుడు వినేవాడు. వాడు సరే అంటేనే బండి కదలాలి. ముప్పై ఏండ్లు ఆ రెండు షెడ్ల నడుమ జరిగింది ఒకటే కొట్లాట.

"అరే, లారీవాడు హారన్ కొడుతున్నడురా!"

"కొట్టనీ. హారన్ మంచిగనే ఉన్నది. ఇంజనే జర గునుస్తున్నది."

"నాకేం వినొస్తలేదు!"

"నువ్వు గడియారం వింటున్నవ్. ఇంజన్ వింటలేవు."

రిటైరయ్యాక శివరాజ్‌కు ఒక కోరిక పుట్టింది. దేశదేశాలకు ట్రాక్టర్లు పంపినవాడు తాను మాత్రం షోలాపూర్ దాటలేదు. అందుకని సైకిల్ మీద పోయి నల్ల సముద్రంలో ముందు చక్రం ముంచి వస్తానన్నాడు. హైవే పక్క చాయ్ హోటల్ మొత్తం నవ్వింది. "శివరాజ్ సాబ్, ముందుగాల పక్కనున్న ఝరాసంగం దాకా పోయి రాన్రి, చూద్దాం," అన్నారు. చక్రం తడిస్తేనే మళ్లీ ఈ హోటల్‌లో కప్పు ముట్టుకుంటానని శివరాజ్ అందరి ముందర ఒట్టు పెట్టుకున్నాడు. తోడు ఎవ్వరూ దొరకలేదు. చివరికి గురులింగప్పను అడిగాడు. వాడు "జర ఆగు" అని ఎనిమిది రోజులు ఆలోచించి, సరేనన్నాడు.

ముంబై దాకా సైకిల్, అక్కడి నుంచి ఇరాన్‌కు విమానం, మళ్లీ సైకిల్. శివరాజ్ లెక్క ప్రకారం చలి మొదలయ్యేలోపే ఆర్మేనియా దాటాలి. కానీ ఇరాన్‌లో ప్రతి తోట బావి దగ్గరా ఒక ఇంజన్ ఉంది, గురులింగప్ప జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. ఒక ఊళ్లో దానిమ్మతోట మోటారు దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాడు. తీరా ఆర్మేనియాలో అడుగుపెట్టేసరికి డిసెంబర్. సిసియాన్ అనే చిన్న ఊరు చేరిన మర్నాడే మంచు పడి ముందరి కనుమ మూసుకుపోయింది. మార్చి దాకా తెరవరన్నారు. వీసా చూస్తే నూట ఇరవై రోజులే.

గురులింగప్ప కిటికీలోంచి ఆ తెల్లటి కొండల్ని చూసి తృప్తిగా తలాడించాడు. వాడి బతుకులో మొదటిసారి ప్రకృతి మొత్తం వాడి పార్టీలో చేరింది.

వాళ్లు దిగింది ఆనుష్ అనే ముసలమ్మ ఇంట్లో. పైన వీళ్ల గది, కింద పొయ్యి, నడుమ పద్నాలుగు కట్టె మెట్లు. ఆమెకు వీళ్ల భాష రాదు, వీళ్లకు ఆమె భాష రాదు. వారం తిరక్కుండానే ఆమెకు ఒక తెలుగు మాట మాత్రం వచ్చేసింది. ఉడుకుతున్న పాలను, గిన్నె మీదికొచ్చే కోళ్లను, తలుపు కొట్టే పోస్టుమ్యాన్‌ను అందరినీ వేలెత్తి "జరాగు!" అనేది. గురులింగప్ప స్క్రూడ్రైవర్ పెట్టి ఆమె పొయ్యి గొట్టం విని, ఎక్కడ మసి పట్టిందో చెప్పాడు. ఆనాటి నుంచి ఆమె వాడిని డాక్టర్‌గానే చూసింది. నడుము నొప్పి అని ఒకసారి వీపు కూడా చూపించింది.

జనవరిలో కట్టెలు తెస్తూ శివరాజ్ వాకిట్లో గడ్డమంచు మీద జారిపడ్డాడు. ఎడమ మోకాలు మెలిక తిరిగింది. ఎవ్వరూ చూడలేదు. చూసి ఉంటే గురులింగప్ప ఏమంటాడో అతనికి తెలుసు: వాపస్ పోదాం అంటాడు. అంటే చక్రం తడవదు, హోటల్‌లో నవ్వు ఆగదు. పండ్లు బిగబట్టి, మంచు దులుపుకుని, ఈల వేసుకుంటూ లోపలికొచ్చాడు.

ఆ తర్వాత ఒక వింత జరిగింది. దేనికీ తొందరపడని గురులింగప్ప పొద్దున్నే శివరాజ్ కంటే ముందు కిందికి దిగి, మెట్ల పక్క కుర్చీ పట్టడం మొదలుపెట్టాడు. పొయ్యి వెచ్చదనం కోసం స్నేహితుణ్ని కూడా మోసం చేస్తాడని శివరాజ్ మండిపడేవాడు. పైగా కండ్లు మూసుకుని, మెట్ల కమ్మికి స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడితో చెవి గోక్కునేవాడు. చలికి తన మోకాళ్లు గుంజుతున్నాయని ఇంటి నుంచి తెచ్చుకున్న శొంఠి నూనెలో కాచి రాసుకునేవాడు. కాచేది రోజూ గిన్నెడు.

"ఇంత ఎందుకురా, ఏనుక్కు రాస్తవా?"

"కొల్త తప్పింది. పారబోస్తే పాపం. జర నువ్వన్న రాసుకో."

మార్చి నడుమ కనుమ తెరిచారు. శివరాజ్ ఆ సాయంత్రమే సంచులు కట్టాడు.

"జర ఆగు," అన్నాడు గురులింగప్ప. "ఎదురింటి చూరుకు ఆ మంచుకడ్డీ వేలాడుతున్నది చూసినవా? అది పడ్డంక పోదాం."

మూడు రోజులకు అది పడింది.

"పడ్డది! పా!"

"జర ఆగు. అవ్వ క్యాబేజీ ఊరేసింది. రుచి చూడకుండ పోతే ఏమనుకుంటది?"

క్యాబేజీ ఊరింది. తర్వాత కోడి పొదగాలన్నాడు. శివరాజ్‌కు ఒళ్లు మండింది. వీసా కాగితం వాడి మొహం ముందర ఆడించి, ఒక్కడే సైకిలెక్కాడు. వీధి చివర ఎత్తు రాగానే మోకాలు అరిచింది. దిగి, సైకిల్ నడిపించుకుంటూ వాపస్ వచ్చాడు.

"చైన్ పట్టేసింది," అన్నాడు ఎటో చూస్తూ.

గురులింగప్ప నవ్వలేదు. సైకిల్ తీసుకుని, మంచిగున్న చైన్‌ను విప్పి, నూనె పోసి, మళ్లీ తొడగడానికి మూడు రోజులు తీసుకున్నాడు.

వీసా ఇంకా పదకొండు రోజులుందనగా, ఒక పొద్దున శివరాజ్ ఆశలు వదులుకుని మెట్లు దిగుతున్నాడు. ఆఖరి మెట్టు దిగాడో లేదో, గురులింగప్ప కుర్చీలోంచి లేచి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

"పా, పోదాం."

శివరాజ్ మెట్టు మీదే కూలబడ్డాడు. "ఏమన్నవ్?"

"పోదాం అన్న. చెవుడు గిట్ల వచ్చిందా?"

"కోడి పొదగలే కదరా?"

"కోడికేం తొందర? పా!"

తొమ్మిది రోజుల్లో సరిహద్దు దాటారు. ఇంకో పన్నెండు రోజులకు బతూమి ఒడ్డున శివరాజ్ ముందు చక్రం నల్ల సముద్రంలో తడిసింది. ముంచబోతుంటే "జర ఆగు, పెద్ద అల రానీ" అని వాడు అననే అన్నాడు.

జహీరాబాద్‌లో ఆ కథ శివరాజ్ చెప్పని రోజు లేదు. మంచుకడ్డీ, క్యాబేజీ, కోడి చెప్పేసరికి హోటల్‌లో చాయ్ ముక్కుల్లోంచి వచ్చేది. "ఈడు ఆగుమనకుంటే నెల ముందే సముద్రం చూసేటోన్ని!" అనేవాడు శివరాజ్. అందరికంటే ఎక్కువ నవ్వేది గురులింగప్పే. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

మొన్న మాఘంలో, అన్నం తిని పడుకున్న గురులింగప్ప లేవలేదు. వాడి జీవితంలో ముందుగా చేసిన పని అదొక్కటే. ఆఖరి ప్రయాణంలో కూడా హైవే దగ్గర అరగంట ఆగాల్సి వచ్చింది. చెరుకు లోడు ట్రాక్టర్ ఒకటి రోడ్డుకు అడ్డంగా మొరాయించింది. ఇంజన్ గునుస్తోంది. వెనక నుంచి ఎవరో "జర ఆగుమంటున్నడు" అన్నారు. ఏడుస్తున్న మహాదేవమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పదకొండు రోజులయ్యాక శివరాజ్ సిసియాన్‌కు వీడియో కాల్ చేశాడు. ఆనుష్ అవ్వ పక్కన మనవరాలు మరియం కూర్చుని, శివరాజ్ ఇంగ్లీషును అవ్వ భాషలోకి మార్చింది. అవ్వ చాలాసేపు కండ్లు తుడుచుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వి, ఫోన్ మనవరాలికిచ్చి మెట్ల దగ్గరికి నడిచింది.

కుర్చీలో కూర్చుంది. కట్టె గరిటె ఒకటి తీసుకుని, మొన మెట్ల కమ్మికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కండ్లు మూసుకుంది. రెండో చేత్తో మెట్టు మీద కొట్టింది. టక్... టకటక్. టక్... టకటక్. మొహం చిట్లించి, లేదన్నట్టు వేలు ఆడించింది. తర్వాత మళ్లీ కొట్టింది. టక్, టక్, టక్, టక్. కండ్లు తెరిచింది, ఉన్న నాలుగు పండ్లూ కనపడేలా నవ్వి, తన ఎడమ మోకాలు తట్టి, తెరలోంచి శివరాజ్ వైపు వేలు చూపించింది.

"జనవరి నుంచి ప్రతి పొద్దునా ఇలాగే వినేవాడట," అంది మరియం. "మీకు చెప్పొద్దని నానమ్మకు సైగ చేశాడట. మీరు చిన్నబుచ్చుకుంటారని."

శివరాజ్‌కు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గిన్నెడు శొంఠి నూనె. విప్పి తొడిగిన చైన్. చూరున మంచుకడ్డీ. ముప్పై ఏండ్లలో ఒక్కసారి కూడా సప్పుడు సరిగా లేని బండిని వాడు గేటు దాటనివ్వలేదు.

"దొంగ..." అన్నాడు. మరియం తర్జుమా అడిగితే తల అడ్డంగా ఊపాడు. "సరే అవ్వా, పెడుతున్న," అని ఫోన్ ఆపబోయాడు.

తెరలో అవ్వ వేలు లేచింది. "జరాగు!"

అవ్వ మరియం చేతిలోంచి ఫోన్ తీసుకుని, కుర్చీకి ఎదురుగా దేనికో ఆనించి, ఏదో తేవడానికి లోపలికి పోయింది. ఏం తెస్తుందో మనవరాలికి కూడా తెలియదట. తెర నిండా ఖాళీ కుర్చీ, పద్నాలుగు మెట్లు. శివరాజ్ అలవాటుగా మణికట్టు తిప్పి గడియారం చూడబోయి, మానేసి, రెండు కాళ్లూ మడిచి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

మోకాలు కిక్కురుమనలేదు.