పిలవలేని పేరు

అక్క పోయి మూడు నెలలైంది. పరామర్శకి వచ్చినవాళ్ళందరూ "ఎంత ఓర్పు గల మనిషో" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. ఆ ఓర్పుని వాడుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

బావ చాలా ఏళ్ళ కిందటే ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పని చేస్తూ జబ్బు చేసి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. అక్క మెట్రిక్ పాసైంది కాబట్టి అతని బదులు ఆమెకి స్టేషన్ పార్సెల్ ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. ఏడాది దాటాకే పర్మనెంట్. అంతలో ఫిర్యాదు వస్తే ఇంటికి పంపెయ్యొచ్చు. ఉద్యోగం పోతే న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో రైల్వే క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి. నేను అదే ఆఫీసులో, ఆమె పక్క బల్ల దగ్గర గుమాస్తాని.

పార్సెల్ కోసం వచ్చినవాళ్ళు కిటికీలో రసీదు ఇచ్చి వరండాలో నిలబడతారు. సరుకు దొరికాక మేము రసీదు మీద పేరు చదివి గట్టిగా పిలవాలి. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పోయాక అసలే పలకరు. బావది మా శ్రీకాకుళం వాళ్ళలో వీధికి నలుగురికి ఉండే పేరు. ఆ పేరున్న రసీదు వస్తే అక్క దాన్ని నా బల్ల మీదికి జరిపేది. నేను పిలిచేవాణ్ణి. దీని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. మా పెద్ద గుమాస్తా బెంగాలీ ఆయన, బొడోబాబు అనేవాళ్ళం. ఆయనకి ముందే చెప్పి ఉంచాలని నాకు తోచలేదు.

ఏడాది నిండటానికి వారం ఉందనగా ఒక ఉదయం నేను ప్లాట్‌ఫారం మీద చేపల బుట్టలు దింపించడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర ఒకడు అరుస్తున్నాడు. తెలుగువాడే. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. వాడి రసీదు నా ఖాళీ బల్ల మీద ఉంది. అక్క రసీదు నంబరు చెప్పి పిలిచిందట. వాడు పలకలేదు.

"నంబరేటి? నేనేటి ఖైదీనా? పేరు సదవడం రాదేటి నీకు?"

"మీ పెట్టె వచ్చింది బాబూ. సంతకం పెట్టి పట్టుకెళ్ళండి."

"మొగుడు సస్తే కుర్చీ ఇచ్చేసినారు. దాంతోపాటు సదువు ఇవ్వలేదు కావాల!"

వరసలో ఇద్దరు నవ్వారు. వెనకనించి ఒక ముసలి బెంగాలీ, పెట్టె దొరికింది కదా దాదా, ఇంటికెళ్ళండి అన్నాడు. వాడు వినకుండా ఫిర్యాదు పుస్తకం అడిగాడు. అడిగితే ఇవ్వాల్సిందే. బొడోబాబు బయటికొచ్చాడు.

"నామ్ పుకారో, దీదీ. బస్, ఖతం," అన్నాడు, పేరు పిలిచేస్తే గొడవ తీరిపోతుందని.

"నేను పిలుస్తాను," అన్నాను.

మా హమాలీ ఒకడు కిటికీ దగ్గరకొచ్చి, "బాబూ, ఆయమ్మ పెనిమిటి పేరు అది. వదిలీండి," అని తెలుగులో నెమ్మదిగా చెప్పాడు.

"అయితే ఏటి? ఉద్యోగానికొచ్చినాక పెనిమిటేటి? ఆవిడే పిలవాల."

తెలియక అన్న మాటలు నేను క్షమించగలను. ఇది తెలిసి అన్నాడు. వాడి తల్లి వాడి తండ్రి పేరు ఒక్కనాడూ పలికి ఉండదు.

అక్క నా వైపు చూసింది. బొడోబాబుకి ఆ తెలుగు అర్థం కాలేదు. ఆయన ఇంట్లోనూ ఇదే ఆచారం. బెంగాలీలో ఒక్క ముక్క చెబితే చాలు, వాణ్ణి ఆయనే పంపేసేవాడు. నాకు బెంగాలీ బాగా వచ్చు. ఫిర్యాదులో నా పేరు కూడా ఎక్కుతుందేమోనని ఊరుకున్నాను.

అక్క లేచి నిలబడి ఆ పేరు పిలిచింది.

"వినబడలేదు," అన్నాడు వాడు.

మళ్ళీ పిలిచింది.

పెట్టె తీసుకున్నాక కూడా వాడు ఫిర్యాదు రాసే వెళ్ళాడు.

అక్క దానికి జవాబివ్వాలి. ఇంగ్లీషులో నేను రాసిపెట్టాను, అసలు కారణంతో సహా. ఆమె చదివి ఆ వాక్యం కొట్టేసింది.

"మీ బావ సంగతి వీళ్ళకెందుకురా. నాదే తప్పని రాసీ. పిల్లలున్నారు."

రసీదు చదవడంలో అశ్రద్ధ జరిగింది, ఇకముందు జరగదు అని రాశాను. ఆమె సంతకం పెట్టింది. ఉద్యోగం నిలిచింది. పిల్లలిద్దరూ ఆ జీతం మీదే చదువుకున్నారు.

వాడి మీద కోపం నాకు తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. కాని ఆఫీసు ఫైల్లో అక్క అశ్రద్ధ గల గుమాస్తాగానే ఉండిపోయింది. ఆ మాట నా చేత్తో రాశాను.